మన ఊళ్లో ఏ ఇల్లు ఎంత గట్టిగా నిలబడింది? ఆర్థిక అభద్రతను మనమే కొలుచుకునే పాఠం



ఇప్పటిదాకా జీవామృతం, ఘనజీవామృతం, కషాయాలు, నవధాన్యాల విత్తనం గురించి చెప్పుకున్నాం. ఈసారి పొలం గట్టు దాటి ఇంట్లోకి వస్తున్నాం. వీడియోలో చార్టు మీద గీసి చూపించిన లెక్కనే ఇక్కడ వివరంగా రాస్తున్నాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

ఈ లెక్క మనకెందుకు?

మీ సంఘానికి రెండు నాటు ఆవులు, నాలుగు డ్రమ్ములు, కొంచెం నిధి వచ్చిందనుకోండి. ముందు ఎవరికివ్వాలి? మామూలుగా పాస్ బుక్కులో ఎకరాలు చూస్తాం, లేకపోతే రేషన్ కార్డు చూస్తాం. ఎకరాలు చూస్తే కౌలు రైతు కనపడడు. కార్డు చూస్తే అది ఉన్నవాళ్లంతా ఒక్కలాగే కనపడతారు. ఆరెకరాలుండి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పత్తి పెట్టినాయన "పెద్ద రైతు" అయిపోతాడు. ఒక్క వాన తప్పితే ముందు కూలేది ఆయన ఇల్లే కావచ్చు.

అందుకని ముందు ఒక తేడా తెలుసుకోవాలి. పేదరికం అంటే ఈ రోజు చేతిలో లేకపోవడం. అభద్రత అంటే ఈ రోజు ఉన్నది రేపు ఉంటుందో లేదో తెలియకపోవడం. పేదరికాన్ని ఆదాయంతో కొలవచ్చు. అభద్రతను కొలవాలంటే "దెబ్బ తగిలితే ఈ ఇల్లు ఎంతకాలం నిలబడుతుంది?" అని అడగాలి.

దేశం మొత్తం మీద చేసిన జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం 2018–19లో ఒక వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 3,798, కూలి, జీతాల మీద వచ్చింది 4,063. రైతు ఇంట్లో పంట కన్నా కూలి డబ్బే ఎక్కువ! అదే సర్వేలో అప్పున్న వ్యవసాయ కుటుంబాలు దేశంలో 50.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. కుటుంబానికి సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలైతే ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554.

ఇవన్నీ సగటు లెక్కలు. మీ వీధిలో ఎవరి ఇల్లు ఊగుతోందో సగటు చెప్పదు. అది ఊరివాళ్లే చెప్పాలి.

ఊరే కొలిచిన పద్ధతి

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసే అనిరుధ్ కృష్ణ గారు రాజస్థాన్, గుజరాత్‌లతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఒక పద్ధతితో అధ్యయనం చేశారు. ఇక్కడ నల్గొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లో 36 ఊళ్లు తీసుకున్నారు. దాన్ని మనం "మెట్ల పద్ధతి" అనుకుందాం.

ఊరివాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేస్తారు: "చేతిలో ఏమీ లేని ఇంటికి కొంచెం డబ్బొస్తే మొదట ఏం చేస్తుంది? ఇంకొంచెం వస్తే తర్వాత ఏం చేస్తుంది?" తిండి, పిల్లల బడి, కట్టుకునే బట్టలు, కారే ఇంటికప్పు, పాత అప్పు... ఇలా మెట్లు ఊరే చెబుతుంది. ఏ మెట్టు దాటితే ఇక "లేనివాళ్లు" అనరో ఆ గీత కూడా ఊరే గీస్తుంది. తర్వాత ప్రతి ఇల్లూ పాతికేళ్ల క్రితం ఏ మెట్టు మీద ఉంది, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది అని చూస్తారు. పాత కాలం అందరికీ గుర్తుండేలా ఎమర్జెన్సీ లాంటి పెద్ద సంఘటనను గుర్తుగా పెట్టుకుంటారు.

అలా చూస్తే ఇళ్లు నాలుగు రకాలు: అప్పుడూ ఇప్పుడూ లేనివాళ్లు, లేమి నుంచి బయటపడ్డవాళ్లు, ఉండి జారిపోయినవాళ్లు, అప్పుడూ ఇప్పుడూ ఉన్నవాళ్లు.

ఆయన చూపించిన ముఖ్యమైన విషయం ఏంటంటే, ఒకే ఊళ్లో, ఒకే కాలంలో కొందరు ఎక్కుతుంటే కొందరు జారుతుంటారు. ఎక్కడానికి కారణాలు వేరు, జారడానికి కారణాలు వేరు. ఎక్కినవాళ్లలో ఎక్కువమంది రెండో ఆదాయం చూసుకున్నవాళ్లు. జారినవాళ్ల వెనక ఎక్కువగా కనపడింది జబ్బు, ఆస్పత్రి ఖర్చు. దాని పక్కనే పెళ్లి, చావు ఖర్చులు, ఎక్కువ వడ్డీ అప్పులు, కరువు. 2010లో వచ్చిన ఆయన పుస్తకానికి "ఒక్క జబ్బు దూరంలో" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అంటే ఎక్కించే పని ఒకటి, జారకుండా ఆపే పని ఇంకొకటి. మనం చాలాసార్లు మొదటిదే చేసి రెండోది మర్చిపోతాం.

మన సంఘానికి సరిపోయే ఐదు కొలతలు

మెట్ల పద్ధతికి ఊరంతా కూర్చోవాలి. అది ఒకసారి చేసుకుంటే చాలు. ఏటా చూసుకోవడానికి మాత్రం ఈ ఐదు కొలతలు సరిపోతాయి. ఒక్కో ఇంటికి అరగంట పడుతుంది.

1. తిండి నెలలు. సొంత పొలం, పెరటి తోట, ఇంట్లో దాచిన గింజల మీద ఏడాదిలో ఎన్ని నెలలు గడుస్తుంది? కొనాల్సి వచ్చే నెలలు ఏవి? దీనితో పాటు, "డబ్బుల్లేక తిండికి చాలదేమోనని గడిచిన 12 నెలల్లో దిగులు పడ్డారా?" అని అడగండి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల కొలతలో మొదటి ప్రశ్న ఇలాంటిదే. ఆకలి కన్నా ముందు దిగులే వస్తుంది.

2. డబ్బు వచ్చే నెలలు. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా పన్నెండు గళ్లు గీయండి. డబ్బు చేతికొచ్చిన నెలలో ఒక గింజ పెట్టండి. పాలు, గుడ్లు, ఆకుకూరలు, కూలి, పింఛను అన్నీ లెక్కే. పత్తి ఒక్కటే పెట్టిన ఇంటికి ఒకటి రెండు గళ్లలోనే గింజలుంటాయి.

3. వడ్డీ బరువు. ఎంత అప్పు ఉందనేదాని కన్నా ఏ వడ్డీకి ఉందనేది ముఖ్యం. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36 శాతం. ఏడాది వడ్డీని ఖర్చులు పోగా మిగిలిన ఆదాయంతో పోల్చండి. పావు వంతు దాటితే ప్రమాదం.

4. పావు దెబ్బ. పంట నాలుగో వంతు తగ్గితే ఏం మిగులుతుంది? అమెరికాలో జేకబ్ హ్యాకర్ గారి బృందం తయారుచేసిన ఆర్థిక భద్రత సూచీ కూడా ఇలాంటి గీతే పెట్టుకుంది. ఏడాదిలో ఆదాయం 25 శాతం లేదా ఇంకా ఎక్కువ పడిపోయి, ఆదుకునే పొదుపు లేని వాళ్లను అది అభద్రతలో ఉన్నట్టు లెక్కపెడుతుంది. వాళ్లు జరిగిపోయినదాన్ని లెక్కపెడతారు, మనం జరగకముందే వేసి చూస్తాం.

5. నిలదొక్కుకునే నెలలు. చేతిలో నగదు, సంఘంలో పొదుపు, వెంటనే అమ్ముకోగలిగిన గొర్రె, మేక, గింజలు కలిపి నెల ఖర్చుతో భాగించండి. నగదు 4,000, పొదుపు 6,000, రెండు మేకలు 14,000 ఉంటే మొత్తం 24,000. నెల ఖర్చు 8,000 అయితే మూడు నెలలు. పాడి ఆవు, దుక్కిటెద్దులు, విత్తనాలు ఇందులో కలపొద్దు. అవి అమ్మితే వచ్చే ఏడాది కాలు విరిగినట్టే.

రెండిళ్ల లెక్క

ఇది అర్థం కావడానికి వేసిన ఉదాహరణ. మీ ఊరి అంకెలు వేసుకుని చూడండి.

మొదటి ఇల్లు: నాలుగెకరాలు, మొత్తం పత్తి. అమ్మకం 2,00,000. విత్తనం, ఎరువులు, మందులు, కూలి కలిపి ఖర్చు 1,20,000. మిగిలింది 80,000. అప్పు 1,50,000, రెండు రూపాయల వడ్డీకి. ఏడాది వడ్డీ 36,000. చేతికి 44,000.

రెండో ఇల్లు: ఎకరంన్నర. కూరగాయలు, కంది, చిరుధాన్యాలు, ఒక ఆవు. అమ్మకం 95,000. కషాయాలు, ద్రవాలు ఇంట్లోనే చేసుకుంటారు, ఖర్చు 25,000. మిగిలింది 70,000. పొదుపు సంఘంలో అప్పు 50,000, రూపాయి వడ్డీ. ఏడాది వడ్డీ 6,000. చేతికి 64,000.

ఇప్పుడు పావు దెబ్బ వేద్దాం. మొదటి ఇంటి అమ్మకం 1,50,000కి పడుతుంది. పెట్టుబడి ముందే పెట్టేశారు కాబట్టి 1,20,000 అలాగే ఉంటుంది. (పత్తి తీత కూలి కొంత తగ్గుతుంది, లెక్క సులువు కోసం వదిలేశాం.) మిగిలింది 30,000. వడ్డీ 36,000. అంటే 6,000 ఎదురు అప్పు. రెండో ఇంటి అమ్మకం 71,250కి పడుతుంది. ఖర్చు 25,000, వడ్డీ 6,000 పోతే 40,250 మిగులుతుంది.

వానకి రెండిళ్లూ ఒకటే. పంట రెండు చోట్లా పావు వంతే తగ్గింది. కానీ ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, ఇంకో ఇంట్లో కొత్త నోటు రాస్తారు. తేడా ఎకరాల్లో లేదు. ముందుగా పెట్టే పెట్టుబడిలో, వడ్డీలో ఉంది. ప్రకృతి వ్యవసాయంలో "ఖర్చు తగ్గుతుంది" అని మనం చెప్పే మాటకి అసలు అర్థం ఇదే. లాభం పెరగడం ఒక్కటే కాదు, దెబ్బ తగిలినప్పుడు పోయేది తగ్గుతుంది.

ఏ కొలతకి ఏ మందు?

ఐదు కొలతల్లో ఏ రెండు బాగా లేకపోయినా ఆ ఇంటికి ఎరుపు చుక్క పెట్టండి. ఒకటి బాగా లేకపోతే పసుపు. అన్నీ బాగుంటే ఆకుపచ్చ. ఎన్ని నెలల కన్నా తక్కువుంటే "బాగా లేదు" అనాలో మీ ఊరే తేల్చుకోవాలి. మెట్ట ఊరి గీత కాలవ కింద ఊరికి సరిపోదు.

తిండి నెలలు తక్కువుంటే పెరటి తోట, గట్ల మీద కంది, అలసంద, చిరుధాన్యాలతో మొదలుపెట్టండి. డబ్బు నెలలు తక్కువుంటే వర్షాలకి ముందే నవధాన్యాలు చల్లి, ప్రధాన పంటలో అంతర పంటలు, ఆకుకూరల మళ్లు పెట్టించండి. వడ్డీ బరువు ఎక్కువుంటే ఎరువుల కొట్లో అరువు ఆగాలి. అరువు ఇచ్చిన చోటే పంట తూయాల్సి వస్తే ధర కూడా మన చేతిలో ఉండదు. పొదుపు సంఘం అప్పుతో ముందు ఎక్కువ వడ్డీ అప్పు తీర్చేలా చూడండి.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఎరుపు చుక్క ఉన్న ఇంటిని మొదటి ఏడాదే మొత్తం పొలం మార్చమని ఒత్తిడి చేయొద్దు. రసాయనాలకి అలవాటుపడ్డ నేలలో మొదట్లో దిగుబడి తగ్గితే తట్టుకునే శక్తి ఆ ఇంటికి లేదు. అరెకరంతో మొదలుపెట్టించి, ఆవు, డ్రమ్ము లాంటి సాయం ముందు వాళ్లకే ఇవ్వండి.

ఇంకొకటి, జబ్బు ఖర్చుని జీవామృతం ఆపలేదు. ఆరోగ్యశ్రీ లాంటి పథకం ఆపరేషన్ ఖర్చు భరించినా, దారి ఖర్చులు, తోడు వెళ్లినవాళ్ల తిండి, పోయిన కూలి ఇంటి మీదే పడతాయి. అందుకే సంఘంలో చిన్న ఆపద నిధి ఉండాలి. రూపాయి వడ్డీకి ఆ రోజే చేతికందే ఐదువేలు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చే యాభైవేల అప్పుకి తలుపు తెరవకుండా ఆపుతుంది.

కౌలు రైతుల సంగతి విడిగా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు ఇస్తారు, కానీ దానికి భూమి యజమాని ఒప్పుకోవాలి. కార్డు లేకపోతే బ్యాంకు పంట రుణం అందడం కష్టం, ప్రైవేటు వడ్డీయే దిక్కు. పైగా కౌలు ముందే కట్టి ఉంటే అది కూడా మునిగే పెట్టుబడే. వాళ్ల పావు దెబ్బ లెక్కలో కౌలు తప్పకుండా కలపండి.

కొలిచేటప్పుడు జాగ్రత్తలు

మెట్లు పదిమందిలో అడగొచ్చు, అప్పులు మాత్రం పదిమందిలో అడగొద్దు. ఇంటికి వెళ్లి, ఇంటి ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. బంగారం ఎక్కడ కుదువలో ఉందో, ఏ నెలలో గింజలు నిండుకున్నాయో వాళ్లకే బాగా తెలుసు. పుస్తకంలో పేర్లు కాకుండా అంకెలు రాయండి. ఎవరి అంకె ఏదో ఇద్దరికే తెలియాలి. చుక్కల పటం గోడ మీద అంటించొద్దు. అది సాయం కోసం గీసింది, ఒకరి పరువు తీయడానికి కాదు.

ఏటా ఒకే నెలలో కొలవండి. కోతల తర్వాత ఒక ఏడాది, నాట్లప్పుడు ఇంకో ఏడాది కొలిస్తే రెండూ పోల్చలేం. జ్యేష్ఠంలో అడిగితే గింజలు అడుగంటే కాలం కాబట్టి నిజం బయటికొస్తుంది.

ఈ వారం పని

మీ సంఘంలో పది ఇళ్లు ఎంచుకోండి. అందులో కనీసం ఇద్దరు కౌలుదారులు, ఒక ఒంటరి మహిళ ఇల్లు, ఒక "పెద్ద రైతు" ఇల్లు ఉండాలి. ముందు మీ సొంత ఇంటికి ఐదు కొలతలు వేసుకోండి. తన లెక్క చెప్పనివాడికి ఎదుటివాళ్లు తమ లెక్క చెప్పరు. పదీ అయ్యాక ఎరుపు చుక్కలు లెక్కపెట్టి, సాయం ఎవరికి ముందు వెళ్లాలో సంఘంలో మాట్లాడుకోండి. వచ్చే ఏడాది అదే నెలలో మళ్లీ కొలవండి. ఎన్ని ఎరుపు చుక్కలు పసుపు అయ్యాయో, ఎన్ని పసుపు చుక్కలు ఎరుపయ్యాయో చూస్తే, మన వ్యవసాయం నేలతో పాటు ఇంటిని కూడా గట్టిపరుస్తోందో లేదో అప్పుడు తెలుస్తుంది.