గగన విహారం - తిరుగుదారి లెక్క

పాఠ్యభాగ పరిచయం

విమానయానం అనగానే వందలాది ప్రయాణికులను మోసుకొనిపోయే పెద్ద విమానాలే మన మనస్సులో మెదలుతాయి. వృత్తి కొరకు కాక, కేవలం విహారం కొరకు చిన్న విమానాలను స్వయంగా నడిపేవారు ప్రపంచమంతటా ఉన్నారు. అటువంటి పైలట్ సెలవులలో పరదేశానికి వెళ్లి, అక్కడ విమానం అద్దెకు తీసుకొని ఎగరదలచినప్పుడు ఎంత ముందుచూపు అవసరమో ఈ పాఠం వివరిస్తుంది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ యాత్రను ఇందుకు ఉదాహరణగా స్వీకరించడమైనది.

పాఠ్యభాగం

అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలో ప్రవరుడు ఒక సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని ఆకాశమార్గాన హిమాలయానికి చేరుతాడు. కొండల శోభను కన్నులారా చూస్తాడు. మధ్యాహ్నమయ్యే సరికి ఇల్లు గుర్తుకు వస్తుంది. కానీ పాదాలకు పూసిన లేపం మంచుకు కరిగిపోయింది. వెళ్లే దారిని గురించి ఆలోచించినంతగా తిరిగివచ్చే దారిని గురించి అతడు ఆలోచించలేదు. కావ్యంలో ఆ పొరపాటు రమ్యమైన కథకు బీజమయింది. నిజమైన ఆకాశంలో మాత్రం అటువంటి పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం ప్రాణమే.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది లక్షల సంవత్సరాలుగా రాతిపొరలను కోస్తూ ఒక మహాగర్తాన్ని ఏర్పరచింది. అదే గ్రాండ్ కాన్యన్. దాని పొడవు సుమారు 446 కిలోమీటర్లు; లోతు 1.6 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఆ వర్ణవైభవాన్ని ఆకాశం నుండి చూడాలని ఏ పైలట్‌కైనా అనిపించడం సహజం. అయితే ఆ కోరిక తీరాలంటే ప్రయత్నం విమానాశ్రయంలో కాదు, స్వదేశంలోని తన ఇంట్లోనే మొదలు కావాలి.

అనుమతి పత్రాలు

ఒక దేశం ఇచ్చిన పైలట్ లైసెన్సు మరొక దేశంలో నమోదైన విమానాన్ని నడపడానికి దానంతట అదే చెల్లదు. విదేశీ లైసెన్సు ఆధారంగా అమెరికా విమానయాన సంస్థ ఒక ప్రైవేటు పైలట్ ధ్రువపత్రాన్ని ఇస్తుంది. దాని కొరకు ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. ఆ లైసెన్సు నిజమైనదేనా అని సంస్థ, దానిని జారీచేసిన దేశపు అధికారులను అడిగి నిర్ధారించుకుంటుంది. ఈ ఉత్తర ప్రత్యుత్తరాలకు వారాలు పడుతుంది కనుక, మూడు నెలల ముందే దరఖాస్తు పంపడం వివేకం. ఆ తరువాత అక్కడి అధీకృత వ్యక్తి ముందు స్వయంగా హాజరై లైసెన్సు, వైద్య ధ్రువపత్రం, గుర్తింపు పత్రాలు చూపాలి. ఆంగ్లం చదవడం, రాయడం, మాట్లాడడం, అర్థం చేసుకోవడం వచ్చి ఉండాలి.

ఈ పత్రానికి ఒక విశేషం ఉంది. ఇది మూల లైసెన్సుకు నీడ వంటిది. మూలం చెల్లినంత కాలమే నీడ చెల్లుతుంది. ఎగిరేటప్పుడు రెండూ వెంట ఉండాలి. దీనితో కిరాయికి ప్రయాణికులను తీసుకొనిపోరాదు. అంతేకాక, గడచిన 24 నెలలలో ఒక శిక్షకునితో కనీసం ఒక గంట నియమాల చర్చ, ఒక గంట గగనయానం జరిపి సామర్థ్యాన్ని నిరూపించుకొని ఉండాలి. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడచిన 90 రోజులలో కనీసం మూడుసార్లు విమానాన్ని పైకి లేపి, దింపి ఉండాలి. విమానం అద్దెకిచ్చేవారు ఇవి చాలవని తమ శిక్షకునితో మరొకసారి ఎగిరి చూపమనడం పరిపాటి. దానిని అవమానంగా భావించరాదు. కొత్త నేలను, కొత్త యంత్రాన్ని పరిచయం చేసుకోవడానికి అంతకంటె మంచి అవకాశం దొరకదు.

అలవాట్లలోని తేడాలు

దేశం మారితే కొలతలు మారుతాయి. భారతదేశంలో గాలి పీడనాన్ని హెక్టోపాస్కల్‌లలో చెబుతారు. అమెరికాలో పాదరసపు అంగుళాలలో చెబుతారు. ఇక్కడ 1013.25 అన్నదే అక్కడ 29.92. దృష్టి ఎంతవరకు ఆనుతుందో ఇక్కడ మీటర్లలో తెలిపితే, అక్కడ మైళ్లలో తెలుపుతారు. అక్కడి గాలను 3.785 లీటర్లకు సమానం. నియంత్రణ గోపురం లేని విమానాశ్రయాలు అక్కడ అనేకం. అటువంటి చోట ఎవరి రాకపోకలను వారే రేడియోలో ప్రకటిస్తూ, ఇతరుల మాట ఆలకిస్తూ మెలగాలి.

గడియారంతోనూ చిక్కు ఉంది. వేసవిలో అమెరికాలోని అధిక రాష్ట్రాలు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతాయి. అరిజోనాలో నవాహో ప్రాంతం తప్ప తక్కిన భాగం ఆ పద్ధతిని పాటించదు. పొరుగున ఉన్న యూటాకు వెళితే వేసవిలో ఒక గంట తేడా వస్తుంది. అందువల్లనే పైలట్లు లెక్కలన్నీ ప్రపంచ ప్రామాణిక కాలంలో వేసుకుంటారు.

నియమాల వెనుక చరిత్ర

1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ మీద రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది మరణించారు. నాడు ఆ ఆకాశభాగంలో ఎవరి కళ్లే వారికి రక్ష. ఈ దుర్ఘటన కలిగించిన ఆందోళన 1958 నాటి విమానయాన చట్టానికి ప్రధాన కారణాలలో ఒకటయింది. మళ్లీ 1986 జూన్ 18న అక్కడే ఒక విహార విమానం, ఒక హెలికాప్టర్ ఢీకొని 25 మంది మరణించారు. 1987లో జాతీయోద్యానాలపై ఎగరడాన్ని గురించి మరొక చట్టం వచ్చింది.

నేడు కాన్యన్‌లోని నాలుగు ప్రాంతాలపై నిర్ణీతమైన ఎత్తు కంటె తక్కువ ఎత్తున ఎగరడం నిషిద్ధం. వాటి నడుమ నిర్ణీతమైన దారులున్నాయి. ఆ దారులలో విహార పైలట్ ఉత్తరానికి వెళ్లేటప్పుడు 11,500 లేదా 13,500 అడుగుల ఎత్తున, దక్షిణానికి వచ్చేటప్పుడు 10,500 లేదా 12,500 అడుగుల ఎత్తున ఎగరాలి. ఎదురెదురుగా వచ్చేవారి నడుమ ఎప్పుడూ వెయ్యి అడుగుల ఎడం ఉండేటట్లు ఈ ఏర్పాటు చేశారు. ఈ దారులను చూపే ప్రత్యేక పటం ఉంది. నియమం ఒక అంకెగా మాత్రమే కనబడితే అది భారమనిపిస్తుంది; దాని వెనుక ఉన్న ప్రాణనష్టం తెలిస్తే అది రక్షణ అనిపిస్తుంది.

ఎత్తు, ఎండ, బరువు

గ్రాండ్ కాన్యన్ విమానాశ్రయం సముద్రమట్టానికి 6,609 అడుగుల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగితే గాలి పలుచబడుతుంది. ఎండ దానిని ఇంకా పలుచబరుస్తుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలున్న వేసవి మధ్యాహ్నం, ఆ రన్‌వే మీది గాలి దాదాపు 10,000 అడుగుల ఎత్తున ఉండవలసినంత పలుచగా ఉంటుంది. అప్పుడు రెక్కలకు చాలినంత ఆధారం దొరకాలంటే విమానం మరింత వేగంగా, మరింత దూరం పరుగెత్తాలి. ఇంజిను బలమూ తగ్గుతుంది. సముద్రతీరంలో శిక్షణ పొందిన పైలట్‌కు ఇది కొత్త అనుభవం.

సెస్నా 172 వంటి చిన్న విమానంలో నాలుగు ఆసనాలుంటాయి. దాని ఒక నమూనాలో వాడుకోదగిన ఇంధనం 53 గాలన్లు. దాని బరువే సుమారు 144 కిలోలు. ఆ బరువు పోగా మనుషులకు, సామానుకు మిగిలేది సుమారు 250 కిలోలు మాత్రమే. ట్యాంకులు నిండితే నలుగురు పెద్దవారు ఎక్కడానికి వీలుండదు. ఆసనం ఉన్నంత మాత్రాన అవకాశం ఉన్నట్లు కాదు.

ఇంధనం, వాతావరణం

ఫీనిక్స్ నగరంలోని డీర్ వ్యాలీ నుండి గ్రాండ్ కాన్యన్ విమానాశ్రయం సుమారు 135 నాటికల్ మైళ్లు. గంటకు 110 మైళ్ల చొప్పున వెళితే గంటంబావులోపే చేరవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి 20 మైళ్ల వేగాన్ని హరిస్తే గంటన్నర పడుతుంది. నడుమ కాన్యన్ దర్శనానికి ఒక గంట. మొత్తం మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. గంటకు పది గాలన్ల చొప్పున ఖర్చు 37.5 గాలన్లు. పగటి వేళ గమ్యం చేరాక మరొక అరగంటకు సరిపడే ఇంధనం మిగలాలన్నది అక్కడి నియమం. వివేకవంతుడు ఒక గంటకు మిగుల్చుకుంటాడు. ప్రవరుడు వేయని లెక్క ఇదే.

జూన్ నడుమ నుండి సెప్టెంబరు చివరి వరకు అరిజోనాలోనూ ఋతుపవన కాలమే. ఆ రోజులలో మధ్యాహ్నమయ్యే సరికి ఉరుములతో కూడిన మేఘాలు కమ్ముకుంటాయి. అందుచేత తెల్లవారగానే బయలుదేరి మధ్యాహ్నానికి ముందే తిరిగిరావడం ఉత్తమం. బయలుదేరే ముందు వాతావరణ సమాచారాన్ని, తాత్కాలిక నిషేధాలను తెలుసుకోవాలి. ప్రయాణ వివరాలను అక్కడి సేవాకేంద్రానికి తెలిపితే, గడువులోగా చేరనప్పుడు వెదకేవారుంటారు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం

విహార పైలట్‌కు మేఘం కంటె, కొండ కంటె పెద్ద శత్రువు సెలవు ముగిసే తేదీ. ఇంత దూరం వచ్చాము, ఇంత ధనం వెచ్చించాము, మిగిలింది ఈ ఒక్క రోజే అన్న ఆలోచన మబ్బును పలుచగా, ఎండను చల్లగా చూపిస్తుంది. వెంట ఉన్న బంధుమిత్రుల ఉత్సాహం దానికి తోడవుతుంది. కనుక ప్రణాళికలో ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. ఎగరలేకపోతే కాన్యన్ అంచుకు రోడ్డు మార్గాన వెళ్లి చూసే ఏర్పాటూ ఉండాలి. ఏ స్థితిలో వెనుదిరగాలో నేల మీద ఉండగానే కాగితం మీద రాసుకోవాలి. వద్దు అని చెప్పగలిగినవాడే ఆకాశాన్ని పదే పదే చూడగలుగుతాడు.

అర్థాలు

మహాగర్తం = పెద్ద లోయ, అగాధం
పాదలేపం = పాదాలకు పూసుకొనే పూత
అధీకృత = అధికారం పొందిన
పరిపాటి = అలవాటు, వాడుక
మూల్యం = వెల

ప్రశ్నలు

1. ప్రవరుని కథకు, పైలట్ వేసుకోవలసిన ఇంధనపు లెక్కకు గల సంబంధాన్ని వివరించండి.
2. గ్రాండ్ కాన్యన్‌పై ఎగరడానికి నిర్ణీతమైన ఎత్తులు ఎందుకు ఏర్పడ్డాయి?
3. "ఆసనం ఉన్నంత మాత్రాన అవకాశం ఉన్నట్లు కాదు" - సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. సెలవు ముగిసే తేదీని రచయిత శత్రువుగా పేర్కొనడంలో ఔచిత్యాన్ని చర్చించండి.