ఎన్నూరు ఇసుకలో లోహశోధన: అబద్ధపు కూతలను తగ్గించు విధము

కాణుం పొంగలునాడు కుటుంబములతో సముద్రపుటొడ్డునకు పోవుట మద్రాసు ప్రాంతమున ఎల్లరకును అలవాటు. కొన్ని యేండ్ల క్రిందట ఆ పండుగనాటి సాయంకాలము మా తరగతి బాలుని తల్లి ఒకామె ఎన్నూరు తీరమున కూర్చుండియుండగా, ఒడిలోని చంటిబిడ్డ పట్టి లాగుటచే పసుపుత్రాడు తెగి, రెండు పుస్తెలును ఇసుకలో పడిపోయినవి. చీకటిపడువరకు ఇంటిల్లిపాదియు చేతులతో ఇసుకను జల్లించిరి గాని దొరకలేదు. మరునాటి ఉదయమున ఆ బాలుడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, సైన్సు ప్రదర్శనములో పెట్టిన లోహపు యంత్రముతో వెదుకరాదా?" అని అడిగెను.

ఆ యంత్రము నేనొక మిత్రునివద్ద ఎరువు తెచ్చినది. దానితో మూడు కాయిళ్ళు వచ్చినవి. పెద్దది 15 అంగుళముల వెడల్పు, నడిమిది 11, చిన్నది 6. పెద్ద కాయిలైనచో త్వరగా దొరకునని తలచి దానినే తగిలించి, సెన్సిటివిటీ అనబడు సూక్ష్మగ్రాహ్యత మీటను చివరివరకు త్రిప్పితిని. ఇక జూడుడు, అడుగుకొక కూత! అరగంటలో ఇరువది గుంటలు త్రవ్వితిమి. రెండు సోడాసీసా మూతలు, ఒక తుప్పుమేకు దొరికినవి. తక్కిన గుంటలలో ఏమియు లేదు. ఆ తల్లి కూత వినబడినప్పుడెల్ల లేచి నిలుచుండి, మరల కూర్చుండెడిది. ఆనాటి పొరపాటు యంత్రముది కాదు, నాది. దానినుండి నేర్చుకొన్నదానినే ఇచ్చట వ్రాయుచున్నాను.

యంత్రము 1831 లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణముపై ఆధారపడి పనిచేయును. కాయిలు అనగా తీగచుట్ట. సామాన్యముగా ఒక కాయిలు పళ్ళెములో రెండు చుట్టలుండును. ఒకటి పంపునది, రెండవది వినునది. పంపుచుట్టలో సెకనుకు కొన్నివేల పర్యాయములు దిశ మారు విద్యుత్తు ప్రవహించి, తన చుట్టును మారుచుండు అయస్కాంత క్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రములో లోహపుముక్క ఉన్నచో దానియందు సుడి విద్యుత్ప్రవాహములు పుట్టి, అవి తమదైన చిన్న క్షేత్రమును వెలువరించును. వినుచుట్ట దానిని పట్టుకొని చెవికి కూతగా అందించును. పంపుచుట్ట బలము నేరుగా వినుచుట్టకు తగులకుండునట్లు రెండింటిని సరితూచి అమర్తురు. ఇంతవరకు సులువే. చిక్కంతయు వినుచుట్ట వద్దనే యున్నది. పుస్తె వలన వచ్చిన మార్పైనను, నేల వలన వచ్చిన మార్పైనను, ఆకాశమున పోవు కరెంటు తీగ వలన వచ్చిన మార్పైనను దానికి మార్పే.

ఈ చిక్కు నేటిది కాదు. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకి గుండు తగిలి మంచము పట్టినప్పుడు, దేహములోని గుండు జాడ కనుగొనుటకై టెలిఫోనుతో ప్రఖ్యాతుడైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇట్టి పరికరమునే కొనిపోయెను. ప్రయోగశాలలో చక్కగా పలికిన పరికరము రోగివద్ద ఎచ్చట పెట్టినను అస్పష్టముగా మ్రోగెను. పరుపు క్రింద ఉక్కుతీగల అమరిక యున్నదని పిమ్మట తెలిసినది. గుండు దేహమునకు ఎడమవైపున ఉండగా, వైద్యులు కుడివైపున మాత్రమే వెదకనిచ్చిరి. ఆ సెప్టెంబరు 19 న అధ్యక్షుడు మరణించెను. పరికరము అబద్ధమాడలేదు, క్రిందనున్న ఉక్కును గూర్చి నిజమే చెప్పినది. అడిగినవారికి కావలసిన సమాధానము మాత్రము అది కాదు.

మన ఎన్నూరునకు వత్తము. మంచము క్రింది ఉక్కువంటివి ఇచ్చట మూడు గలవు.

మొదటిది నల్ల ఇసుక. అలలు వెనుకకు తీసిన పిమ్మట తీరమున నల్లని చారలు కనబడుచుండుట మీరు చూచియే యుందురు. అవి ఇల్మెనైటు, మాగ్నటైటు మొదలగు బరువైన ఖనిజములు. ఒక అయస్కాంతమును కాగితములో చుట్టి పొడి ఇసుకపై ఈడ్చినచో మాగ్నటైటు రేణువులు మీసములవలె లేచి అంటుకొనును. పిల్లలచేత ఈ పరీక్ష చేయింపుడు, ఖర్చులేనిది. విద్యుత్ కేంద్రముల బొగ్గు బూడిదలో కూడ ఇట్టి ఇనుప ఆక్సైడు రేణువులుండును. బూడిద చేరిన ఏటియొడ్డున యంత్రము మరింత గొణుగును.

రెండవది ఉప్పునీరు. తడిసిన ఉప్పు ఇసుక స్వల్పముగా విద్యుత్తును ప్రసరింపజేయును గనుక, యంత్రమునకది పలుచని లోహపు రేకువలె తోచును. మాగ్నటైటు ప్రతిస్పందనము పంపుక్షేత్రముతో ఇంచుమించు ఏకకాలమున వచ్చును. ఉప్పునీటిది అట్లుగాక సన్నని బంగారపు ప్రతిస్పందనమునకు దగ్గరగా నుండును. అందుచేత ఒకే పౌనఃపున్యముతో పనిచేయు యంత్రము నల్ల ఇసుకకు సరిచేసినచో ఉప్పునకు కూయును, ఉప్పునకు సరిచేసినచో నల్ల ఇసుకకు కూయును. పెక్కు పౌనఃపున్యములను ఒక్కసారి వాడు యంత్రములును, పల్స్ ఇండక్షన్ అనబడు తరగతివియు ఇచ్చట మేలు. ఈ రెండవ తరగతి యంత్రము విద్యుత్తును తునకలుగా పంపి, ఆపి, కొన్ని మైక్రోసెకన్లు తాళి అటుపిమ్మట వినును. ఆలోపల ఉప్పునీటి స్పందన అణగిపోవును. కాని చిన్న బంగారపు నలుసు స్పందన కూడ అంత శీఘ్రముగనే అణగును. 2020 నవంబరులో నివర్ తుపాను పిమ్మట కాకినాడ దగ్గర ఉప్పాడ తీరమున జనులు బంగారు రేణువులకై ఇసుక గాలించిన వార్త పత్రికలలో చదివినప్పుడు నాకు తోచినది ఇదియే. అట్టి నలుసులకు యంత్రముకన్న కన్నును చేతివ్రేళ్ళును నమ్మదగినవి.

మూడవది విద్యుత్తు. ఎన్నూరు ఏటిపై హైటెన్షన్ తీగలు పోవుచున్నవి. పాత ఎన్నూరు థర్మల్ కేంద్రము 2017 లో మూతపడినను, ఏటికి ఉత్తరమున ఉత్తర చెన్నై కేంద్రమును, 2001 లో ప్రారంభమైన రేవును కలవు. 50 హెర్ట్జుల కరెంటు, దాని గుణిజములు, జేబులోని సెల్‌ఫోను, ప్రక్కవాని మరియొక యంత్రము, ఇవన్నియు వినుచుట్టలో చొరబడును.

ఏది మోతకు కారణమో తెలిసికొనక మీటలు త్రిప్పుట వ్యర్థము. తెలిసికొనుటకు పరీక్ష మిక్కిలి సులభము. కాయిలును నడుమెత్తున గాలిలో కదలకుండ పట్టుకొనవలెను. అప్పుడును మోత ఆగనిచో అది విద్యుత్తు వలననే. నిలిచియున్నచోటనే మెల్లగా తిరిగి కాయిలు ముఖమును మార్చినచో ఒక దిక్కున మోత హెచ్చి మరియొక దిక్కున తగ్గును. గాలిలో నిశ్శబ్దముగా నుండి, ఇసుకపై కదపగానే కూసినచో అది నేల వలన. నేలపై నిలిపినను, గాలిలో ఊపినప్పుడు మాత్రము కూసినచో దోషము మనవద్దనే యున్నది. త్రాడు వదులై ఊగుటయో, కాయిలు తొడుగులో నల్ల ఇసుక చేరుటయో, చెప్పులోని ఇనుపమేకో, చేతిలోని పారయో అయియుండును. త్రాడును కర్రకు బిగువుగా చుట్టి, తొడుగు విప్పి కడుగుట అర్ధనిమిషము పని. నేను ఆ మొదటినాడు ఈ అర్ధనిమిషమును కూడ వెచ్చింపలేదు.

ఇక కాయిళ్ళ సంగతి. పెద్ద కాయిలు లోతు చూచునన్నది నిజమే గాని పెద్ద వస్తువులకే. అది ఒక్కసారి ఎక్కువ నేలను చూచును గనుక ఎక్కువ నల్ల ఇసుకను, ఎక్కువ ఉప్పును, తన వైశాల్యమునుబట్టి ఎక్కువ విద్యుత్తు మోతను మూటగట్టుకొని వచ్చును. చిన్న కాయిలు చూచు నేల తక్కువ. కాని మేకుకును ఉంగరమునకును నడుమ జానెడు ఎడమున్నను రెండింటిని వేరుపరచి చెప్పగలదు. ఆకారమున కూడ భేదమున్నది. ఒకదానిలో నొకటి వలయములుగా నుండు కాన్సెంట్రిక్ కాయిలు శంఖువు ఆకారముగా నేలను చూచును. ఖనిజము లేని మంచి నేలలో వస్తువున్న తావును సూటిగా చూపునది ఇదియే, కాని నల్ల ఇసుకలో తడబడును. ఆంగ్లాక్షరము 'డి' వంటి రెండు చుట్టలు ఒకదానిపై నొకటి కొంత ఎక్కియుండునది డబుల్ డి. ఇది నడుమ సన్నని పట్టీవలె చూచును గనుక నేల మోత తక్కువ. దీని లోపమేమనగా, ఇనుప సోడామూతను చూచి మంచి లోహమని భ్రమపడుట దీనికి ఎక్కువ. ఎనిమిది అంకె ఆకారముగా, రెండు కన్నులును వ్యతిరేక దిశలలో చుట్టిన కాయిలు మరియొకటి గలదు. దూరపు తీగనుండి వచ్చు విద్యుత్తు మోత రెండు కన్నులలో సమానముగా పుట్టి పరస్పరము రద్దగును. కొంత లోతు నష్టమైనను, హైటెన్షన్ తీగల క్రింద పనికివచ్చునది ఇదియే. మాయొద్ద ఇది లేదు. చిన్నది డబుల్ డి యగుట మా అదృష్టము.

రెండవనాడు తెల్లవారుజామున, ఇసుక తొక్కబడక మునుపే, ఆ చిన్న కాయిలుతో పోయితిమి. సెల్‌ఫోనులన్నియు ఒడ్డుననే ఒక సంచిలో వేయించితిని. సూక్ష్మగ్రాహ్యతను గాలిలోని మోత ఆగువరకు తగ్గించితిని. మీటను తగ్గించుటకు చేయి రాదు, పోగొట్టుకొన్నవారు ఎదుట నిలుచుండగా అసలే రాదు. కాని మోతలో మునిగిన కూత కూతే కాదు. పిమ్మట లోహము లేని చోట చూచి, కాయిలును ఇసుకపై ఎత్తుచు దించుచు, శబ్దము రెండు స్థితులలోను ఒకటే యగువరకు నేలకు సరిచేసితిమి. దీనినే గ్రౌండ్ బాలెన్సు అందురు. నీటిగీతకు సమాంతరముగా నడచితిమి. ఒడ్డునుండి నీటివైపునకు నడచినచో ప్రతి అడుగునకు ఉప్పు మారి, సరిచేసినది చెడును. కాయిలు విసరు చివరలో పైకి లేవకుండ ఒకే ఎత్తున, గుడ్డతో నేల తుడిచినట్లు, ఒక్కొక్క విసరు వెనుకటి విసరుపై సగమెక్కునట్లు పిల్లలచేత ఊపించితిని. బాలురు త్వరపడుదురు, బాలికలే నిదానముగా ఊపిరని చెప్పక తప్పదు.

కూత వచ్చిన వెంటనే త్రవ్వరాదు. అడ్డముగా నొకసారి, మరల తొంబది డిగ్రీలు తిరిగి నిలువుగా నొకసారి చూడవలెను. రెండు దిశలలోను అదే చోట, అదే స్వరముతో పలికినదే త్రవ్వదగినది. ఒక దిశలో పలికి మరియొక దిశలో మాయమైనది, లేక స్థానము మారినది, తరచుగా మేకో నేలయో అగును. ఈ నియమముచే ఆ ఉదయము మేము త్రవ్వినవి ఏడు గుంటలు మాత్రమే. ఏడింటిలోను ఏదో ఒక లోహము దొరికినది. ఒక్కటియు వట్టిపోలేదు.

మరియొక మాట తల్లిదండ్రులు తెలిసికొనవలెను. మన వస్తువును మనము వెదకుకొనుట వేరు, పాతిపెట్టిన సొమ్ముకై వెదకుట వేరు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టము ప్రకారము భూమిలో దాచబడిన నిధి పదిరూపాయల విలువకు మించినది దొరికినచో కలెక్టరునకు తెలియజేయవలెను. పురావస్తుశాఖవారి రక్షిత స్థలములలోను, రేవు, విద్యుత్ కేంద్రముల ఆవరణములలోను ఈ యంత్రమును పిల్లల చేతికి ఈయకుడు.

ఆరవ గుంటలో, జానెడు లోతున, ఒక పుస్తె దొరికినది. పసుపుత్రాటి ముక్క ఇంకను దానికే యున్నది. రెండవదానికై ఇంకను రెండు ఉదయములు పోయితిమి. మూడవనాటికి అలలు ఆ తావును కోసివేసి, మేము పాతిన గుర్తుకర్రను కూడ కొనిపోయినవి. ఆమె దొరికిన దానికి జతగా రెండవది చేయించుకొని, పాతదానిని ఏది, క్రొత్తదానిని ఏది అని చూపరులు గుర్తింపలేనట్లు చేయించినానని కొడుకుచేత కబురు పంపెను.