ఎర్రగుంట్ల పేరయ్య: తోళ్ళ వ్యాపారి, సంఘ నాయకుడు

ఆదిమ క్రైస్తవ సంఘం అనగానే పేతురు, పౌలు అనే రెండు పేర్లే మనకు తడతాయి. కాని అపొస్తలుల కార్యముల గ్రంథం 18వ అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు కనిపిస్తారు. యూదులందరూ రోము విడిచి పోవాలని చక్రవర్తి ఆజ్ఞ వేయగా కొరింథు చేరుకున్నవారు. వాళ్ళ వృత్తి డేరాలు కుట్టడం. పౌలుదీ అదే వృత్తి కావడంచేత వాళ్ళింట్లోనే దిగి వాళ్ళతో కలిసి పనిచేశాడు. తరువాత అపొల్లో అనే మంచి వక్తను చేరదీసి, అతనికి తెలియని సంగతులు విడమరచి చెప్పింది కూడా ఈ దంపతులే. ఇంత చేసినా వాళ్ళ పేరు పండుగనాడు ప్రసంగంలో వినిపించదు. సంఘం పెద్దదయ్యాక మొదట ఇల్లు ఇచ్చినవాళ్ళు వెనక్కి పోతారు.

తెలుగునాట సరిగ్గా ఇలాంటి మనిషి ఒకడున్నాడు. పేరు ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పశ్చిమంగా సుమారు నలభై మైళ్ళ దూరంలో ఉన్న తాళ్ళకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం.

మాది నల్లగొండ జిల్లా రైతు కుటుంబం, క్రైస్తవులం కాము. దిల్‌సుఖ్‌నగర్‌లో నేనుండే గదిలో కనిగిరి వైపు మిత్రుడొకడు ఉన్నాడు. పండుగ సెలవులకు అతన్ని ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఒంగోలు బస్సు ఎక్కించడం నా డ్యూటీ. ఆ బస్సు నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిరిగి మా నల్లగొండ, మిర్యాలగూడ మీదుగానే అద్దంకి పోతుంది. బస్సు రాక ఆలస్యమైన ఒక రాత్రి అతను వాళ్ళ నాయనమ్మ చెప్పే కథగా పేరయ్య సంగతి ఎత్తాడు. ఆ తరువాత దొరికిన పుస్తకాలు చదివాను. చదివిన కొద్దీ, ఇది క్రైస్తవులు మాత్రమే చదువుకోవలసిన చరిత్ర కాదనీ, మోట బొక్కెనతో నీళ్ళు తోడుకుని బతికిన ప్రతి ఊరిదీ అనీ అనిపించింది.

ముందు కొంత పూర్వరంగం. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషను పెట్టారు. ఇరవై ఏళ్ళు దాటినా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే చేరారు. ఈ మిషను మూసివేద్దామా అన్న ప్రశ్న అమెరికాలో ఒకసారి కాదు, 1848లో, 1853లో, మళ్ళీ 1862లో వచ్చింది. పటంలో ఒంటరి చుక్కలాగా ఉందని దానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు కూడా పడింది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువారు ఒంగోలు పక్కనున్న గుట్ట ఎక్కి ప్రార్థన చేశారు. ఆ ముగ్గురు క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఆ గుట్టను ప్రార్థన కొండ అంటారు. ఆ ప్రార్థన ఫలితంగానే జాన్ ఎవరెట్ క్లౌ దొర వచ్చాడని, ఆయన వల్లనే వేలమంది మారారని చెబుతుంటారు. క్లౌ ఇండియాకు వచ్చింది 1865లో, ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబరులో.

ఇక్కడే తేదీలు జాగ్రత్తగా చూడాలి. పేరయ్య 1866లో, క్లౌ ఒంగోలుకు కాపురం రాకముందే, జ్యూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. భార్య నాగమ్మ కూడా ఆయనతోపాటే. అంటే దొర వెళ్ళి పేరయ్యను వెతకలేదు, పేరయ్యే దొరను వెతుక్కుంటూ నలభై మైళ్ళు నడిచి వచ్చాడు.

మరి ఎలా తెలిసింది ఆయనకు? తోళ్ళ బేరం మీద ఉత్తరాదికి, ఏలూరు దాకా పోయేవాడు. అక్కడ చర్చి మిషను దొర అలెగ్జాండర్ బోధ విన్నాడు. ఒంగోలుకు కూడా ఒక దొర వస్తాడు, ఆయన దగ్గరకు పొమ్మని చెప్పింది అలెగ్జాండరే. ఇందులో నాకేమీ విడ్డూరం కనిపించలేదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోక ముందు మా నాన్న బత్తాయి లోడుతో వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ధరతోపాటు పది కబుర్లు మోసుకుపోయేవాడు. ఏ మందు బాగా పనిచేస్తోంది, ఏ కాలేజీలో ఫీజు తక్కువ, అన్నీ మార్కెట్ కబుర్లే. నేను ఈ కాలేజీలో చేరింది కూడా అలాంటి ఒక కబురు వల్లనే. తోళ్ళ వ్యాపారి అంటే ఆ రోజుల్లో జిల్లాలు దాటి తిరిగిన మనిషి. మాదిగపల్లెల్లో అందరూ కూలి మీద బతికినవాళ్ళే అనుకోకూడదు. పది ఊళ్ళ సంగతి తెలిసి, బేరసారాల్లో నెగ్గుకొచ్చిన వాళ్ళూ ఉన్నారు.

ఇంకొక సంగతి మరీ ముఖ్యం. పేరయ్య అప్పటికే గురూపదేశం పొందినవాడు. రాజయోగం సాధన చేసి, తానూ కొందరికి బోధించేవాడు. వీరబ్రహ్మంగారి శిష్యుల్లో కక్కయ్య మాదిగ అని మనందరికీ తెలిసిన కథే. విగ్రహం లేకుండా, గుడి మెట్టు ఎక్కనవసరం లేకుండా దేవుణ్ణి లోపల వెతుక్కునే ఆ దారి మాదిగపల్లెల్లో ముందునుంచీ ఉంది. కాబట్టి ఏమీ తెలియని మనిషికి దొర వచ్చి జ్ఞానం పోశాడని రాస్తే అది అబద్ధమే అవుతుంది. వెతుకులాట ఇక్కడిది, వెతికినవాడు ఇక్కడివాడు.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు వైపు వెళ్ళి తోపులో డేరా వేశాడు. అప్పటికే పేరయ్య చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, తన బంధువులకు, బేరంలో పరిచయమున్న వాళ్ళకు చెప్పుకుంటూ వచ్చాడు. ముప్పై నలభై మంది మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. ఆ మూటల్లో ఉన్నవి వాళ్ళ తిండి గింజలు, మార్చుకునే గుడ్డలు. నేర్చుకునేదాకా ఉండడానికి సిద్ధపడి వచ్చారన్నమాట. కొన్ని రోజులు బోధ విన్న తరువాత ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు. నెల్లూరులో ఏళ్ళ తరబడి జరగనిది ఇక్కడ ఒక్క వారంలో జరిగింది. రసాయన శాస్త్ర విద్యార్థిగా పేరయ్యను ఉత్ప్రేరకం అందామనుకున్నాను గాని కుదరదు. ఉత్ప్రేరకం చర్య అయిపోయాక తాను మారకుండా బయటికి వస్తుంది. పేరయ్య అలా రాలేదు, ఆయన జీవనాధారం మొత్తం ఆ చర్యలో పడింది.

జీవనాధారం అని ఎందుకన్నానో చెప్పాలి. చేరినవాళ్ళకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదివేటప్పుడు ఇవి మత నియమాలుగా కనిపిస్తాయి. ఊళ్ళోకి తీసుకుపోయి చూస్తే మూడూ మూడు కూలి తగాదాలు.

రైతు ఇంట్లో గొడ్డు చస్తే కళేబరం మాదిగవాళ్ళకు పోతుంది. తోలు వాళ్ళది, మాంసం వాళ్ళది. అందుకు బదులుగా రైతుకు చెప్పులు, మోట బొక్కెన, దాని కింద నీళ్ళు దిగే తొండం, ఎద్దులకు తోలు పట్టాలు కుట్టి ఇవ్వాలి. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మేర అందుతుంది. ఎండాకాలం గింజలు అయిపోయిన నెలల్లో ఆ మాంసమే కడుపు నింపేది. అది తినమంటే ఆకలికి సిద్ధపడటమే. ఇక విగ్రహాలకు మొక్కమంటే పోలేరమ్మ కొలుపులో డప్పు కొట్టమన్నట్టే. డప్పు లేకుండా కొలుపు జరగదు. కొలుపు జరగక ఊరికి కలరా తగిలితే నింద ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? ఊరి పెద్దలు, కరణాలు ఊరుకోలేదు. బావి దగ్గరకు రానివ్వలేదు. చాకలిని, కుమ్మరిని వాళ్ళ పల్లెకు పోవద్దన్నారు. పని మాన్పించారు.

ఈ ఊరి పెద్దల్లో రైతులూ ఉన్నారు. మా తాత మోట తోలిన చివరి తరం మనిషి. కరెంటు మోటారు వచ్చేదాకా ఆయన బొక్కెనతోనే వరి పండించాడు. ఇంటికి పోయినప్పుడు అడిగాను.

"తాతా, బొక్కెన కుట్టేటాయన ఆదివారం పని చెయ్యనంటే మీరేం చేస్తుండిరి?"

"ఏం జేస్తుంటిమి బిడ్డా, కోపానికొస్తుంటిమి. పైరుకు ఆదివారం సోమవారం ఉంటదా?" అన్నాడు.

కాసేపు చుట్ట పీల్చి మళ్ళీ తనే అన్నాడు. "బొక్కెన తెగితే ఎడ్లు నిలబడ్డట్టే, ఎడ్లు నిలబడితే మడి ఎండినట్టే. మేమెంత కోపానికొచ్చినా, ఆయన రాకుంటే మేమే దిగొస్తుంటిమి. గా సంగతి ఆయనకు ఎరుకే, మాకూ ఎరుకే. బయటికి ఎవ్వరం అనకపోయేది."

ఏ చరిత్ర పుస్తకంలోనూ నాకు ఈ మాట దొరకలేదు. పేరయ్య, ఆయన వెంట నడిచినవాళ్ళు ఊరికి తమ అవసరం ఎంతో తెలిసిన మనుషులు. ఆ అవసరాన్ని ఆసరాగా చేసుకుని ఆరు రోజులు పని చేస్తాం, ఏడో రోజు మాది అన్నారు. వారానికి ఒక రోజు తనదని చెప్పుకునే హక్కు ఆనాడు ఊళ్ళో ఏ జీతగాడికీ లేదు.

క్లౌ దొరకు కూడా ఇది సులభంగా మింగుడుపడలేదు. ఒంగోలు బడిలో బ్రాహ్మణ, వైశ్య పిల్లలు చేరుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేము మానుకుంటామని వాళ్ళు చెప్పేశారు. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా బైబిలు తెరిచి చూస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో, దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకున్నాడన్న భాగమే వచ్చిందట. దాంతో నిశ్చయించుకున్నారని క్లౌ చెప్పుకున్నాడు. బైబిలు తెరవక ముందే పేరయ్య మనుషులు గుమ్మంలో నిలబడి ఉన్నారన్నది నా వ్యాఖ్య.

తరువాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది చచ్చిపోయిన కరువు. సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే క్లౌ మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని పని కల్పించాడు. సంఘ బోధకులు అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు మట్టి లెక్క, సాయంత్రం బోధ. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. కరువు పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళలో దిగారు. మధ్యాహ్నం విరామం పోగా ఎనిమిది గంటలనుకుంటే మనిషికి అర నిమిషం కంటే తక్కువ పడుతుంది. లెక్క వేసి చూసి నేనే ఆశ్చర్యపోయాను. 1880ల తొలినాళ్ళకు ఒంగోలు సంఘం ఇరవై వేలు దాటింది.

గంజి కోసం మారారు అనే మాట ఇప్పటికీ హాస్టలు గదుల్లో వినిపిస్తుంది. కరువు ప్రభావం లేదని నేను అనను. ఆకలి మనిషిని ఎటైనా నడిపిస్తుంది. అయితే కరువుకు ముందే సంఘంలో మూడు వేల మందికి పైగా ఉన్నారు. 1867లో తాళ్ళకొండపాడు తోపుకు వచ్చినవాళ్ళు ఎవరి గంజికీ రాలేదు, ఎవరి మూట వాళ్ళు మోసుకొచ్చారు. పైగా చేరినందుకు వాళ్ళకు దక్కింది బావి దగ్గర గెంటివేత. ఈ మూడు సంగతులు పక్కన పెట్టి మాట్లాడటం సైన్సు చదివినవాళ్ళకు తగదు.

ఆ గాలి మా వైపుకూ వచ్చింది. అదే అమెరికన్ బాప్టిస్టు సంస్థ తరఫున అబ్రహాం ఫ్రీసెన్ అనే రష్యా మెన్నోనైటు 1890లో నల్లగొండలో మిషను పెట్టాడు. అప్పట్లో అది నైజాం రాజ్యం.

పేరయ్య గురించి ఈ మాత్రమైనా మనకు తెలియడానికి కారణం క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఆమె 1894లో ఒంగోలు దొరను పెళ్ళి చేసుకుంది. దొర చేసిన పనుల చిట్టా రాయడం మానేసి, ముసలివాళ్ళైన మాదిగ బోధకులను కూర్చోబెట్టి, వాళ్ళ గురువులు, వాళ్ళ దేవతలు, వాళ్ళ పెళ్ళిళ్ళు, వాళ్ళ దారి అన్నీ అడిగి రాసుకుంది. 1899లో అచ్చయిన ఆ పుస్తకం పేరు తెలుగులో చెప్పాలంటే 'చెప్పులు కుడుతున్నప్పుడు'. ఆమె రాసింది ఇంగ్లీషులో. మన కాలేజీలో చరిత్ర, తెలుగు శాఖల మిత్రులు ఎవరైనా దాన్ని తెలుగు చేయ పూనుకుంటే, మాదిగ వృత్తి మాటలకు మా తాత దగ్గర, కనిగిరిలో నా మిత్రుని నాయనమ్మ దగ్గర కూర్చోవలసి ఉంటుంది. ఇద్దరికీ ఎనభై దగ్గర పడుతున్నాయి.