ఎండ కదలకుండా కూర్చుంటే ఏమవుతుంది? 2010 రష్యా చెప్పే పాఠం

పై వీడియోలో మ్యాపు మీద గీసి చెప్పిన పాఠాన్నే, తీరిగ్గా చదువుకోవడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాను.

వాన వదలకుండా పట్టుకుంటే ముసురు అంటాం. చినుకు లేకుండా ఎండ పట్టుకుంటే బెట్ట అంటాం. ఒక్కరోజు ఎండ గట్టిగా కాస్తే వాడిన పైరు సాయంత్రానికి తేరుకుంటుంది. అదే ఎండ మూడు వారాలు కదలకపోతే తేరుకోలేదు. కాబట్టి ఎన్ని డిగ్రీలు అన్నదే కాదు, ఎన్నాళ్లు అన్నది కూడా చూడాలి. ఈ "ఎన్నాళ్లు" ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం.

గాలి ఎందుకు ఆగిపోతుంది?

మన తెలుగు రాష్ట్రాలు ఉత్తరాన సుమారు 13 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నాయి. మనకి వానలు రుతుపవనాలతో వస్తాయి. యూరప్‌లో చాలా భాగం, రష్యా గోధుమ నేలలు 60 డిగ్రీల లోపు, మధ్య అక్షాంశాల్లో ఉంటాయి. అక్కడ సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి వేగంగా గాలి వీస్తుంది. దాని పేరు జెట్ స్ట్రీమ్. అది పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. మెలికలు తూర్పుకి జరిగేకొద్దీ కింద వాతావరణం మారుతుంది. అందుకే అక్కడ మామూలుగా కొన్ని రోజులు వాన, కొన్ని రోజులు ఎండ.

చిన్న మెలికలు త్వరగా జరుగుతాయని, పెద్ద మెలికలు నెమ్మదిస్తాయని, ఒక్కోసారి ఆగిపోతాయని స్వీడన్‌లో పుట్టిన శాస్త్రవేత్త రాస్‌బీ 1939లో లెక్కగట్టి చూపించాడు. అలా ఆగిన చోట అధిక పీడనం కూర్చుంటే దాన్ని బ్లాకింగ్ అంటారు. ఏట్లో బండరాయికి అటూ ఇటూ నీళ్లు చీలిపోయినట్టు, వాన మబ్బులు దాని పక్కల నుంచి వెళ్లిపోతాయి. మధ్యలో ఉన్నవాళ్లకి రోజూ ఎండే.

2010లో ఏం జరిగింది?

ఆ ఏడాది జూన్ చివర్నుంచి ఆగస్టు మధ్యదాకా పశ్చిమ రష్యా మీద ఇలాంటి బ్లాకింగే కూర్చుంది. జూలై 29న మాస్కోలో 38.2 డిగ్రీలు నమోదైంది. మనకి అది మే నెలలో మామూలు ఎండ. అక్కడ మాత్రం అప్పటిదాకా ఎన్నడూ చూడనిది. గోధుమ దిగుబడి అంతకుముందు ఏడాది కంటే సుమారు మూడో వంతు తగ్గింది. ఆగస్టు 15 నుంచి రష్యా ధాన్యం ఎగుమతులు ఆపేసింది. ప్రపంచ మార్కెట్లో గోధుమ ధర ఎగబాకింది. అదే గాలి మెలిక తూర్పు కొస పాకిస్తాన్ వైపు దిగి, రుతుపవనాల తేమతో కలిసింది. అక్కడ వచ్చిన వరదల్లో సుమారు 2 కోట్ల మంది ఇబ్బంది పడ్డారు. ఒకచోట నేల పగిలింది, ఇంకోచోట ఊళ్లు మునిగాయి.

ఇందులో నేల పాత్ర

మన సాగుకి పనికొచ్చే అసలు పాఠం ఇక్కడుంది. ఆ వేసవి ముదరకముందే అక్కడి నేలల్లో తేమ తగ్గిపోయింది. నేలలో తడి ఉంటే ఎండలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఒక లీటరు నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి ఎంత వేడి కావాలో, దాన్ని పూర్తిగా ఆవిరి చేయడానికి అంతకి ఐదు రెట్లకు పైనే కావాలి. తడి లేకపోతే ఆ వేడంతా నేలని, గాలిని కాలుస్తుంది. వేడి గాలి నేలని ఇంకా ఎండబెడుతుంది. అలా ఒకదాన్నొకటి ఎగదోస్తాయి.

గాలి కొద్దిరోజుల్లో మారిపోతుంది. నేల తేమ, సముద్రం వేడి మాత్రం వారాలు, నెలల తరబడి ప్రభావం చూపిస్తాయి. మాస్కో చుట్టూ పీట్ తవ్వుకోవడానికి ఎప్పుడో నీళ్లు తోడేసిన చిత్తడి నేలలు ఆ ఎండకి అంటుకుని నగరాన్ని పొగతో కప్పేశాయి. తర్వాత ప్రభుత్వం వాటిలో చాలావాటిని మళ్లీ నీటితో తడపాల్సి వచ్చింది.

మనం ఏం చేయాలి?

ఒక విషయం సూటిగా చెప్తాను. మీ పొలంలో ఆచ్ఛాదన వేస్తే ఆకాశంలో బ్లాకింగ్ కదలదు. వానల మధ్య వచ్చే బెట్ట కూడా ఆగదు. కానీ మొక్క వాడే రోజు కొంత వెనక్కి జరుగుతుంది. ఒక్కోసారి ఆ కొద్ది రోజుల్లోనే వాన వస్తుంది, పంట దక్కుతుంది. అందుకని:

1. నేలని ఖాళీగా ఎండకి వదలొద్దు. నవధాన్యాలు చల్లండి, లేదా గడ్డి, ఆకులు, పంట మోళ్లు పరచండి. మోళ్లు తగలబెట్టొద్దు.

2. వాతావరణ సూచనలో గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే కాకుండా, వరుసగా ఎన్ని పొడి రోజులు చెప్తున్నారో లెక్కపెట్టండి.

3. జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట్లో నొక్కండి. ముద్ద కడితే తడి ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే నీటి తడి గురించి ఆలోచించాల్సిందే. ఇసుక నేల తడి ఉన్నా గట్టి ముద్ద కట్టదు, అది గుర్తుపెట్టుకోండి.

ఈ వారం కప్పిన నేలలో ఒకచోట, కప్పని నేలలో ఒకచోట మధ్యాహ్నం తవ్వి చూడండి. రెండు చోట్లా చెయ్యి పెడితే తేడా మీకే తెలుస్తుంది.