ఓడదొంగల పేకయందలి లెక్క

పంచిన ముక్కలతో పేక నాడుట మనమెల్లర మెరిగినదే. ఆడువారే తమ పేకను ముందుగా కూర్చుకొని వచ్చు ఆట వేరొకటి కలదు. దాని పేరు మ్యాజిక్ : ది గ్యాదరింగ్. గణితము నభ్యసించిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ దీనిని కల్పింపగా 1993లో వెలువడినది. ఇందలి కమాండర్ అను పద్ధతిని సాధారణముగా నలుగు రాడుదురు. ఒక్కొక్కరికి 100 ముక్కలు, ప్రాణబలము 40. మూలభూములు తప్ప ఏ ముక్కయు రెండుమారు లుండరాదు. నాయకుని ముక్క విడిగా నుండును. తక్కిన 99 కలిపియుంచెదరు.

మనము ఓడదొంగల పేకను కూర్తము. నాయకత్వమును 2017లో వెలువడిన అడ్మిరల్ బెకెట్ బ్రాస్ అను ముక్కకు ఇత్తము. అది ఇతర ఓడదొంగల బలమును పెంచును. అంతేకాదు, మన దొంగలు ముగ్గురు ఒకే వంతులో ఒకే ప్రత్యర్థిని పోరున గాయపరచినచో, వంతు కడపట అతని యెదుటనున్న, భూమి కాని ముక్క నొకదానిని మనము వశపరచుకొనవచ్చును.

అట్లయిన పేకనిండ దొంగలనే చేర్పరాదా? చేర్పరాదు. భూమి కాని ముక్క దింపుటకు సాధారణముగా భూములనుండి మానా యను శక్తి కావలెను. మన నాయకునికి నాలుగు మానాలు కావలెను: నీలము, నలుపు, ఎరుపు ఒక్కొక్కటి, మరియొకటి ఏ రంగుదైనను. వంతునకు ఒక భూమినే దింపవచ్చును. మొదట 7 ముక్కలు, పిదప వంతునకొకటి చొప్పున నాలుగవ వంతునకు 11 చేతికి వచ్చును. 99లో 11 తొమ్మిదవ పాలు. కనుక భూముల సంఖ్యను 9చే భాగించిన సగటు తెలియును. 25 భూములైన 2.8, నాయకుడు ఒడ్డుననే నిలుచును. 37 అయిన 4.1, ఓడ కదలును. దొంగలు 30 మంది యైన 3.3, కావలసిన ముగ్గురు లభింతురు. మిగిలిన 32 ముక్కలు క్రొత్త ముక్కలు తీయుటకును, శత్రుబలమును తొలగించుటకును, నిధులు కూర్చుటకును ఉపయోగింపవలెను.

ప్రత్యర్థులు ముగ్గురని ఒక్కొక్కరిపై ఒక్కొక్క దొంగను పంపిన ఫలము సున్న. ముగ్గురిని ఒక్కనిపైకే పంపవలెను. కైట్‌సెయిల్ ఫ్రీబూటర్ వంటి ఎగురు దొంగల నడ్డుట కష్టము. అయినను తొందరపడి దోచినచో తక్కిన వారెల్లరు ఏకమై మనపై బడుదురు. ఎప్పుడు దోచవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో యెరుగుటయే పలువురాడు ఆటలోని నేర్పు.

తల్లిదండ్రులకొక మాట. మూసిన పొట్లములలో ఏ ముక్క వచ్చునో ముందుగా తెలియదు; కోరినదానికై పొట్లములు కొనుచుపోయిన వ్యయమునకు అంతుండదు. ఇంట అభ్యాసమునకు కాగితపు ముక్కలపై పేర్లు వ్రాసికొనిన చాలును.

అభ్యాసము: భూములు 36, దొంగలు 27 అయినచో నాలుగవ వంతునకు సగటున ఎన్నెన్ని వచ్చును?