సంచియే పీట యగు విధము

ప్రశ్న: మిరప కల్లములో తాలుకాయలు ఏరు మా స్త్రీలకు, విప్పినచో పీట యగు సంచిని ఎట్లు చేయింపవలెను?
— ఒక రైతు, ప్రత్తిపాడు

జవాబు: మాఘమాసపు మంచుకు తడిసిన గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో మొనదేలిన కాళ్లు దిగబడును గనుక, కత్తెరవలె కలియు రెండు కర్రచట్రములను, అడ్డుపట్టీలే నేల కానునట్లు అమర్చి, నడుమ బోల్టు బిగించి, పైపట్టీలకు మందపు నూలు కాన్వాసును రెండు మడతలుగా కుట్టింపుడు. ఎత్తు జానెడు చాలును. మించినచో రాశి యందక నడుము మరింత వంగును. సంచి యా గుడ్డకు దిగువన, బరువు సోకకుండ వ్రేలాడవలెను. అన్నపుగిన్నె యుంచు అరకు మూత తప్పనిసరి. దినమెల్ల మిరపఘాటుకు మండు ఆ చేతులకు, తినబోవు ముద్దయు మండుట యేల? తొలుత తెగునది పైపట్టీ చుట్టిన కుట్టే. అచ్చట మూడు వరుసలు వేయింపుడు.