పురుగు పాకిన చోట



పెడెరస్ జాతి పురుగు మనిషిని కుట్టదు. మెడ మీదో చేతి మీదో పాకుతున్నప్పుడు చెయ్యి తగిలి నలిగితే దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుతుంది. ఆ రసంలోని పెడెరిన్ అనే విషం వల్లే చర్మం కమిలి బొబ్బలెక్కుతుంది. పురుగు పొడవు సుమారు సెంటీమీటరు. నల్ల తల, నారింజ రంగు ఒళ్లు, నీలి మెరుపున్న పొట్టి రెక్కలు. చూపుకు పెద్ద చీమలా ఉంటుంది. తడి నేలలు, వరిచేలు దీని నివాసం. చీకటి పడ్డాక ఎక్కడ దీపం కనిపిస్తే అటు ఎగురుతుంది. కొండకర్ల ఆవ, మేఘాద్రి గెడ్డ లాంటి తడి తావులూ, తెల్లవార్లూ దీపాలు ఆరని పోర్టు, ఉక్కు కర్మాగారమూ దగ్గర దగ్గరగా ఉన్న విశాఖ పరిసరాల్లో, వానాకాలం నైట్ షిఫ్టు చేసేవారు దీన్ని చూడగానే గుర్తుపట్టాలి.

ఈ విషాన్ని పురుగు తనంతట తాను తయారు చేసుకోదు. ఆడ పురుగుల ఒంట్లో కాపురముండే సూడోమోనాస్ జాతి బాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది. అందుకు కావలసిన జన్యువులను జర్మనీలో యోర్న్ పీల్ బృందం 2002లో గుర్తించింది.

చర్మకణంలోకి చేరిన పెడెరిన్ ప్రొటీన్లు తయారయ్యే పనిని ఆపేస్తుంది. ప్రొటీన్ లేని కణం ఎక్కువసేపు బతకదు, కానీ వెంటనే చావదు కూడా. మంట, ఎరుపు సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాతే బయటపడేది అందుకే. అప్పటికి పురుగు సంగతి ఎవరికీ గుర్తుండదు. చనిపోతున్న కణాలు ప్రమాద సంకేతాలు విడుదల చేస్తాయి. రక్తనాళాలు విప్పారి, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపుగా అక్కడికి చేరతాయి. చిన్న చిన్న చీముపొక్కులు వాటివల్లే. మొదట్లో ఆ చీములో సూక్ష్మజీవులు ఉండవు కనుక, చీము కనిపించగానే యాంటీబయాటిక్ మింగడం అనవసరం. గోకినచోట పుండు పడి క్రిములు చేరితే మాత్రం అవి కావాలి. తర్వాత మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు చచ్చిన కణాలను ఊడ్చేస్తాయి, అడుగుపొర నుంచి కొత్త చర్మం పుడుతుంది. రెండు మూడు వారాల్లో మానుతుంది, నల్ల మచ్చ మాత్రం కొన్ని నెలలు మిగలవచ్చు.

ఇది ఎలర్జీ కాదు. విషం మొదటిసారి తగిలినా ఇదే జరుగుతుంది, ఎవరికైనా జరుగుతుంది. దురద మాత్రలు పెద్దగా పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ క్రీమ్ రోగనిరోధక కణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది, విషాన్ని విరచదు.

కందిచేలలో, బెండ పూల మీద కనిపించే బొబ్బల పురుగుది వేరే దారి. దాని విషం కాంతారిడిన్. దాన్ని 1810లో ఫ్రాన్సులో రొబికే అనే శాస్త్రవేత్త వేరుచేశాడు. అది కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే లంకెలను తెంచుతుంది. ఆ సందుల్లో నీరు నిండి బొబ్బ లేస్తుంది. వాపు ఎలా మొదలై ఎలా చల్లారుతుందో చూడడానికి పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి ముంజేతి మీద కాంతారిడిన్‌తోనే చిన్న బొబ్బ తెప్పిస్తారు. మొదటి రోజు అందులో న్యూట్రోఫిల్స్ ఎక్కువ. మూడో రోజుకు మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు పెరుగుతాయి.

పెడెరస్ నలిగినచోట పడే గీత పొడుగ్గా సాగి, మండుతుంది కనుక చాలామంది అక్కి అనుకుని జాజుతో రాయించుకుంటారు. అక్కి వైరస్ వల్ల వస్తుంది, నరం వెంబడి ఒక పక్కనే సాగుతుంది, దానికి మందు వేరు. తేడా తేలకపోతే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) చర్మవ్యాధుల విభాగంలో చూపించాలి.

ఒంటి మీద పురుగు కనిపిస్తే నలపకూడదు. ఊది గానీ కాగితంతో గానీ తొలగించాలి. నలిగిపోతే ఆ చోటును వెంటనే సబ్బునీటితో కడగాలి, చేతులూ కడుక్కోవాలి, ఆ చొక్కా ఉతకాలి. కడగని వేళ్లతో కళ్లు నలుపుకుంటే రెప్పలు ఉబ్బిపోతాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా పెదవాల్తేరులోని ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లాలి. పడుకునే గదిలో కిటికీలకు దోమతెర, మంచం పైన దీపం ఆర్పి ఉంచడం చాలావరకు కాపాడతాయి. పొలాల్లో దీని మీద మందు చల్లడం తగదు, వరిని పీల్చే దోమపోటు పురుగులను ఇది తింటుంది.